పిట్టల పుస్తకంలో రాసుకున్న పేర్లు

నాగాలాండ్ వెళ్ళింది ట్రాగోపాన్ కోసం. ఎర్రటి మెడ, పసుపుపచ్చ మొహం, ఒంటి నిండా తెల్లచుక్కలు ఉండే పెద్ద అడవికోడి అది. ఆ రాష్ట్ర పక్షి కూడా అదే. కొహిమాకి 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖొనోమా ఊరివాళ్ళు 1998లో దానికోసం తమ అడవిలో ఒక సంరక్షణ ప్రాంతం పెట్టుకుని, వేట ఆపేశారు. ఏప్రిల్‌లో మగపక్షి తెల్లవారుజామున కూస్తుంది. నాగాలాండ్‌లోకి వెళ్ళడానికి కావలసిన ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకుని, దిమాపూర్‌లో దిగి, కొండ దారిలో ఒళ్ళు హూనమయ్యేలా ప్రయాణం చేసి చేరితే, రెండోరోజే వాన పట్టుకుంది. అడవిలోకి అడుగు పెట్టే వీల్లేక కొహిమాకి తిరిగి వచ్చేశాను.

మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చింది. గదిలో కూర్చోబుద్ధి కాక బైనాక్యులర్ మెడలో వేసుకుని బయటికి నడిచాను. ఊరి మధ్యలో ఒక కొండవాలు, మెట్లు మెట్లుగా పచ్చగా ఉంది. అక్కడి చెట్టు మీద పిగిలిపిట్ట కూస్తోంది. మన పెరట్లోనూ తిరిగే పిట్టే, అయినా అలవాటుగా బైనాక్యులర్ ఎత్తాను. పిట్ట ఎగిరి కిందికి వాలింది. దాని వెంటే నా చూపూ దిగింది. అది వాలిన చోట ఒక రాతి దిమ్మె, దానికి బిగించిన కంచు ఫలకం, ఫలకం మీద ఒక పేరు. పక్కన ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి. ఎటు తిప్పినా అవే.

అది గారిసన్ హిల్, కొహిమా వార్ సిమెట్రీ. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానం. ఊళ్ళో అది ఉందని తెలుసు. కానీ నా ప్లాన్‌లో లేదు. మన దగ్గర శ్మశానానికి పనిలేకుండా ఎవరూ పోరు, చూసి రావడానికి అసలే పోరు. గేటు దగ్గర ఒక నిమిషం ఆగి, లోపలికి వెళ్ళాను.

పిట్టల్ని చూసేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. ఏది కనపడినా పేరు, చోటు, టైము రాసుకోవాలి. రాయకపోతే చూసినట్టు లెక్క కాదు. మొదటి ఫలకం దగ్గర నిలబడి చదివాను: సైనికుడి నంబరు, హోదా, పేరు, రెజిమెంట్, పోయిన తేదీ, వయసు. కొన్నిటి కింద ఇంట్లోవాళ్ళు రాయించుకున్న ఒక వాక్యం కూడా ఉంది. నాలుగైదు చదివేసరికి తేదీలన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయని తెలిసింది. 1944 ఏప్రిల్, మే, జూన్. వయసులు 19, 21, 20. చెయ్యి దానంతటదే జేబులోంచి నోటుబుక్ తీసింది. పిగిలిపిట్ట అని రాసిన గీత కిందే మొదటి పేరు రాశాను.

మొత్తం 1,420 సమాధులు. అన్నీ రాయలేనని తెలుసు. వరసకి ఒకరిని చొప్పున రాస్తూ పైకెక్కాను.

పైన టెన్నిస్ కోర్టు ఉంది. కోర్టు ఇప్పుడు లేదు, దాని గీతలు మాత్రం తెల్లటి కాంక్రీటుతో పోసి ఉంచారు. యుద్ధానికి ముందు అది డిప్యూటీ కమిషనర్ బంగళాలోని కోర్టు. 1944 ఏప్రిల్ 4న జపాన్ 31వ డివిజన్ కొహిమా మీద పడ్డాక, ఆ గీతలకి ఇటు బ్రిటిష్ ఇండియా సైన్యం, అటు జపాన్ సైన్యం గోతుల్లో కూర్చుని రోజుల తరబడి గ్రెనేడ్లు విసురుకున్నాయి. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూశాను. మామూలుగా మాట్లాడినా అవతలివాడికి వినిపించేంత దూరం. బయటి నుంచి సాయం చేరేదాకా లోపల చిక్కుకున్నవాళ్ళకి తాగడానికి నీళ్ళు కూడా కొలిచి పోశారు. విమానాల్లోంచి వేసిన సరుకు కొన్నిసార్లు శత్రువు వైపు పడింది. యుద్ధం జూన్ 22 దాకా సాగింది. నేనున్నప్పుడు కొందరు ఆ గీతల మీద గెంతుతూ ఫోటోలు దిగారు. ఫోటో తియ్యడం తప్పని నేననను. గెంతడం మాత్రం నాకు నచ్చలేదు.

కెప్టెన్ జాన్ రాండిల్ పేరు ఇక్కడే చూశాను. 26 ఏళ్ళు. మే 6న ఒక బంకర్‌లోని మెషిన్ గన్ తన కంపెనీని ముందుకి కదలనివ్వకపోతే, ఒంటరిగా పరిగెత్తి, లోపలికి గ్రెనేడ్ విసిరి, ఆ కంతకి తన ఒళ్ళే అడ్డం వేశాడు. పోయాక విక్టోరియా క్రాస్ ఇచ్చారు, బ్రిటిష్ సైన్యంలో అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం అది. ఈ తోటని చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 1917లో మొదలైంది. అది పెట్టుకున్న నియమం ఒకటుంది: హోదా, జాతి, మతం చూసి సమాధుల్లో తేడా పెట్టకూడదు. ఆ నియమం నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఒక ఫలకం అంచున నాచు పట్టి ఉంటే రుమాలు తడిపి తుడవబోయాను. తోట పని చేస్తున్న పెద్దాయన దూరం నుంచే చెయ్యి ఊపి, దగ్గరికొచ్చి, "వద్దు బాబూ, మేం చేస్తాం, దానికో పద్ధతుంది" అన్నాడు హిందీలో. మంచి మనసుతో గట్టిగా రుద్దినా అక్షరం అరిగిపోతుందట. రుమాలు జేబులో పెట్టుకున్నాను. రాలిన ఆకు కాస్త పక్కకి తీశాను, దానికి ఆయనేమీ అనలేదు.

అన్నిటికంటే పైన హిందూ, సిక్కు సైనికుల స్మారకం ఉంది. వాళ్ళని దహనం చేశారు కాబట్టి సమాధుల్లేవు, 917 పేర్లు మాత్రం ఉన్నాయి. అక్కడ బూట్లు విప్పేశాను. ఎవరూ చెప్పలేదు, కాళ్ళకే తోచింది. తడి రాయి చల్లగా తగిలింది. ఆ పేర్లు మాత్రం రాసుకోలేదు, చదివాను. మనసులో కాదు, పెదవి కదిపి, నాకు వినపడేంత గొంతుతో. ఎన్నో ఏళ్ళుగా ఆ పేరుతో వాళ్ళని ఎవరైనా పిలిచి ఉంటారా అనిపించి గొంతు పట్టేసింది. సగం కూడా కాకముందే మళ్ళీ వాన మొదలైంది. ఎక్కడ ఆగానో గుర్తుకి ఆ రెజిమెంట్ పేరు రాసుకుని దిగాను.

కింద, ఇక్కడ పోరాడిన బ్రిటిష్ సెకండ్ డివిజన్ స్మారక శిల మీద, ఎక్కడెక్కడో చదివే ఆ మాటలు ఉన్నాయి. మీరు ఇంటికి వెళ్ళాక మా గురించి చెప్పండి, మీ రేపటి కోసం మా ఈ రోజుని ఇచ్చేశామని చెప్పండి అని. వానలో తడుస్తూ రెండుసార్లు చదివాను.

మర్నాడు చీకటితోనే ఖొనోమా అడవిలో ఉన్నాను. పొగమంచు లోంచి, లోయకి అవతల, ట్రాగోపాన్ మూడుసార్లు కూసింది. కనపడలేదు. "కూత మాత్రమే, 5.10" అని రాసుకోవడానికి నోటుబుక్ తెరిస్తే, పక్క పేజీలో వానకి కాస్త అలుక్కుపోయిన 23 పేర్లు, వాటి కింద ఆ రెజిమెంట్ పేరు. ఈసారి వచ్చినప్పుడు అక్కడి నుంచి చదవాలి.