ఇత్తడి ధరకు కొన్న లైటు

పాత ఇత్తడి బ్యాటరీ లైటును పెడితే కాటా 620 గ్రాములు చూపించింది. అందులో తక్కువలో తక్కువ 250 గ్రాములు ఇత్తడి కాదు. లోపల ఉబ్బి ఇరుక్కుపోయిన మూడు చచ్చిన బ్యాటరీల బరువు అది. "వాటిని తీసి తూచండి" అన్నాను. "వస్తే మీరే తీసుకోండి" అన్నాడు కొట్టతను, నాకేదో ఉపకారం చేస్తున్నట్టు. రాలేదు. కిలో 700 చొప్పున 434 అయింది, చిల్లర లేదని 450 తీసుకున్నాడు. ఫోనులో పంపిస్తానంటే నోట్లే కావాలన్నాడు.

ఇదంతా విజయవాడ వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గరి సందులో. నిజానికి నేను విశాఖ నుంచి వచ్చింది గుంటూరులో మా చెల్లెలి గృహప్రవేశానికి. పొద్దున రైలు దిగగానే నేరుగా బస్టాండుకు వెళ్లవలసింది. కానీ పాత సామాన్ల కొట్టు ఉన్న ఊళ్లో దిగితే నా కాళ్లు నా మాట వినవు. ఇంట్లో ఇప్పటికే పదకొండు లైట్లున్నాయి. జేబులో ఎప్పుడూ చిన్న అయస్కాంతం ఉంటుంది. లైటు ఒంటికి ఆనించగానే గట్టిగా అతుక్కుంటే అది ఇనుప రేకు మీద మెరుగు పెట్టిన సరుకు. అతుక్కోకపోతే ఇత్తడి. కొట్టతను అయస్కాంతాన్ని చూశాడు, నా ముఖాన్నీ చూశాడు. ధర అక్కడే పెరిగిందని నా అనుమానం.

మా ఇంట్లో మూడు బ్యాటరీల ఎవరెడీ లైటు ఒకటి ఉండేది. ఆ లైట్లు లక్నోలో తయారయ్యేవనీ, వాటికి పోటీగా నిలిచిన జీప్ లైట్లు అలహాబాదువనీ నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పట్లో మాకు తెలిసింది బ్యాటరీ మీద 9 అంకెలోంచి దూకే పిల్లి ఒక్కటే. తెనాలి పక్కన మా పొలానికి నీళ్ల వంతు రాత్రిళ్లే వచ్చేది. గట్ల మీద పురుగూ పుట్రా భయం. అయినా నాన్న లైటు ఆపకుండా వెలిగించేవాడు కాదు. ఒకసారి వేసి చూసి, ఆర్పి, చూసినంత మేరా నడిచి, మళ్లీ వేసేవాడు. నీరసించిన బ్యాటరీలను అమ్మ పెంకుల మీద ఎండబెట్టేది. ఎండ తగిలితే ఇంకో రెండు రాత్రులు వచ్చేవి. ఆ తరువాత అవి మా పిల్లల సొత్తు. పగలగొట్టి, లోపలి బొగ్గు కడ్డీతో గోడ మీద వికెట్లు గీసుకునేవాళ్లం. మా మేనల్లుడు అమెరికా నుంచి ఒక మాగ్‌లైటు తెచ్చిచ్చాడు. 1979లో కాలిఫోర్నియాలో ఆంథొనీ మాగ్లికా అమ్మకానికి పెట్టిన అల్యూమినియం రకం. దుడ్డుకర్రలా ఉంటుంది, మంచి వస్తువే. అయినా అరచేతికి ఇత్తడి చల్లదనం వేరు.

గుంటూరు చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. "పాలు పొంగేటప్పుడు రావాలి అన్నయ్యా, పప్పు వడ్డించేటప్పుడు కాదు" అంది చెల్లెలు. భోజనం బాగుంది. గోంగూర రెండుసార్లు వేయించుకుని, సంచీ తీసుకుని పట్నంబజారు వైపు నడిచాను.

అక్కడ గ్యాస్ పొయ్యిలు బాగుచేసే పెద్దమనిషి ఒకాయన లైటును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. పక్క టీ కొట్టు నుంచి మరిగే నీళ్లు తెప్పించి గొట్టంలో పోశాడు. టీ తాగేంతసేపు ఊరుకున్నాడు. తరువాత ముందు భాగం విప్పి, ఒక కర్రముక్కను లోపలికి దించి, సుత్తితో కొట్టాడు. ఏడో దెబ్బకో ఎనిమిదో దెబ్బకో మొదటిది కదిలింది. నల్లటి ముద్ద, తెల్లటి ఉప్పు, తుప్పు పట్టిన రేకు కలిసి ధారగా కాగితం మీద పడ్డాయి. పేరు కూడా చదవలేనంతగా తినేసింది. బ్యాటరీ పైతొడుగు జింకే, అది పనిచేస్తున్నకొద్దీ లోపలినుంచి కరిగిపోతుంది. చిల్లు పడ్డాక లోపలి రసం ఇత్తడి మీద పడి పచ్చటి చిలుము పడుతుంది. మా నాన్న లైటు కూడా అలాగే పోయింది. పట్టణానికి వచ్చాక బ్యాటరీలు తీయకుండా అటక మీద పడేశాం.

ఆయన చింతపండు పెట్టి గొట్టం తోమాడు. 80 రూపాయలే తీసుకున్నాడు. అసలు పని చేసినవాడు అడిగింది ఇంతే!

ఇక బల్బు. మూడు బ్యాటరీలంటే నాలుగున్నర వోల్టులు, దానికి 3.8 వోల్టుల బల్బు కావాలి. మొదటి కొట్లో "ఏదైనా ఒకటే" అని రెండు బ్యాటరీల బల్బు ఇచ్చాడు. తెల్లగా ఒక్క మెరుపు మెరిసి పోయింది. తరువాత ఎక్కిన నాలుగు కొట్లలోనూ ఎల్ఈడీ చూపించారు. ఆ పాలిపోయిన వెలుగు కోసమా నేను ఇంత తిరిగింది? ఒళ్లు మండి కొత్త బ్యాటరీలు మాత్రం వేయించుకుని బస్టాండుకు వచ్చేశాను.

తిరుగు ప్రయాణం పల్లెవెలుగులో. బస్సు లోపల వెలుగు లేదు. పక్కన డెబ్బై దాటిన పెద్దాయన, ఒళ్లో మిరప నారు కట్ట.

"పాత బ్యాటరీ లైటేనా బాబూ?"

చేతికిచ్చాను. బొటనవేలు చూడకుండానే మీట మీదికి వెళ్లింది. వెలగలేదు. బల్బు దొరకలేదని నా గోడు చెప్పుకున్నాను. ఆయన వెనక మూత విప్పి, స్ప్రింగును పక్కకు నొక్కి, గోటితో ఉప్పు గీరాడు. స్ప్రింగు మధ్య గూట్లోంచి చిన్న బల్బు ఊడి ఆయన అరచేతిలో పడింది.

"ఇక్కడ ఒకటి దాచి ఉంటుంది. చూసుకోలేదా?"

బిగించి మీట జరిపాను. పసుపు పచ్చటి గుండ్రటి వెలుగు పైకప్పు మీద పడింది. ముందునుంచి డ్రైవరు అరిచాడు, అద్దంలో కొడుతోంది ఆపమని.

మంగళగిరిలో దిగబోతూ పెద్దాయన, "ఎంత పెట్టారు?" అని అడిగాడు.

సిగ్గేసింది. "రెండు వందలు" అన్నాను.

"అంతా!" అని నారు కట్ట సర్దుకుని దిగిపోయాడు.