సామాను పొడిగా, మేము తడిగా

బయల్దేరిన రెండో గంటలో నా ఎడమ సాక్సు తడిసింది. ముందు పట్టించుకోలేదు. వాన పడుతోంది కదా, బండి ఎక్కేటప్పుడు బూటులోకి నాలుగు చుక్కలు పోయి ఉంటాయనుకున్నాను. ఇంకో అరగంటకు కుడి సాక్సు కూడా తడిసింది. కాలు కదిపితే మ్యాటు కింద నుంచి చప్ చప్ మని చప్పుడు.

"బావా, బండిలో నీళ్లున్నాయి."

"వానాకాలంలో ఉండక ఎండాకాలంలో ఉంటాయా?" అన్నాడు బావ, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

అక్కావాళ్లు ఇల్లు మారుతున్నారు, కొండలకు ఇవతలి నుంచి అవతలికి. అక్కా పిల్లలూ బస్సులో ముందే వెళ్లిపోయారు. పెద్ద సామాను లారీ ఎక్కింది. మిగిలిన బీరువా, పరుపులు, పుస్తకాల పెట్టెలు బావ పాత పికప్‌లో వేసుకుని మేమిద్దరం బయల్దేరాం. రెండు రోజుల దారి. బండికి ఇరవై ఏళ్లు దాటాయి. ఆ పొద్దున బావ రెండు గంటలు కష్టపడి టార్పాలిన్ కట్టాడు. రెండు పొరలు, మూలమూలకీ తాడు, ముడి మీద ముడి. పరుపుల మీద చుక్క పడితే అక్క ఊరుకోదని భయం. క్యాబిన్ సంగతి ఎవరికీ తట్టలేదు. దానికి పైన రేకు ఉంది, నాలుగు వైపులా అద్దాలున్నాయి, ఇంకేం కావాలి?

డీజిలు కోసం ఆగినప్పుడు మ్యాటు ఎత్తి చూశాను. నీళ్లు ఎక్కడ నుంచి వస్తున్నాయో వెతికే ముందు అవి ఏ నీళ్లో తేల్చుకోవాలి. బండి లోపల వాన నీళ్లే ఉండాలని లేదు. ఏసీ కాయిల్ మీద పట్టిన చెమ్మ బయటికి పోయే గొట్టం పూడుకుపోతే ఆ నీరంతా కాళ్ల దగ్గరే పడుతుంది. డ్యాష్‌బోర్డు వెనక హీటరుకు ఉండే చిన్న రేడియేటర్ చిల్లిపడితే ఇంజనును చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, కారుతుంది. బావ బండిలో ఏసీ పోయి చాలా కాలమైంది, కాబట్టి అది లెక్కలోంచి తీసేశాం. తెల్ల టిష్యూ ఒకటి నేలకు అద్ది చూశాను. కూలెంట్ అయితే కాగితానికి రంగు అంటుతుంది, వేళ్ల మధ్య జిడ్డుగా ఉంటుంది, తియ్యటి వాసన వస్తుంది, ముందు అద్దం లోపలి వైపు ఎంత తుడిచినా పోని మసక పడుతుంది. నా టిష్యూకి మట్టి తప్ప ఏమీ అంటలేదు. కూలెంటే అయి ఉంటే ఆ ప్రయాణం అక్కడే ఆపేయాలి. అది విషం, పైగా అది కారిపోతే ఇంజను ఉడికిపోతుంది. వాన నీళ్లేనని తేలాక ఇద్దరం తెగ సంతోషించాం. తడి మాత్రం అలాగే ఉంది.

అసలు తికమక తర్వాత మొదలైంది. బంకులో కుండపోతగా కురుస్తున్నా లోపల ఒక్క చుక్క పడలేదు. రోడ్డెక్కి వేగం డెబ్బై దాటగానే డ్యాష్‌బోర్డు కింద నుంచి సన్నటి ధార. నలభైకి తగ్గిస్తే ఆగిపోయేది. మళ్లీ డెబ్బై, మళ్లీ ధార. వేగానికీ నీళ్లకూ సంబంధం ఏమిటని బావ నన్ను అనుమానంగా చూశాడు.

సంబంధం ఉంది. పరుగెడుతున్న బండికి ఎదురుగాలి వచ్చి బానెట్టుకీ అద్దానికీ మధ్య మూలలో గుద్దుకుంటుంది. అక్కడ గాలి ఒత్తిడి ఎక్కువ. అందుకే లోపలికి బయటి గాలి తీసుకునే జాలీని సరిగ్గా అక్కడే, వైపర్ల కింద పెడతారు. ఆ జాలీ కింద ఒక తొట్టి ఉంటుంది. మెకానిక్కులు కౌల్ అంటారు. నీళ్లు అందులో పడి డ్రెయిన్ రంధ్రాల గుండా కిందికి పోవాలి, గాలి మాత్రం లోపలికి ఊదే ఫ్యాను, అదే బ్లోవర్‌లోకి రావాలి. గాలికి తెరిచిన దారి నీటికి మూసి ఉండాలంటే ఆ తొట్టి శుభ్రంగా ఉండాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా బానెట్టు ఎత్తి చూడలేదు, ఎందుకంటే నా పక్కన ఉన్న డోరు మీద నాకు గట్టి అనుమానం. డోరుకూ రబ్బరు బీడింగుకూ మధ్య కాగితం ముక్క పెట్టి, డోరు వేసి లాగి చూశాను. చుట్టూ పది చోట్ల లాగితే పది చోట్లా బిగుతుగానే వచ్చింది. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు కూడా తెరిచే ఉన్నాయి. పాపం, డోరు నిర్దోషి. గంటసేపు దాన్ని తిట్టుకున్నాను.

సాయంత్రానికి ఘాట్ రోడ్డు ఎక్కాం. బండి ముక్కు పైకి లేచింది, నా కాళ్ల దగ్గర ధార ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు మెడ వెనక చల్లగా ఒక చుక్క. కాసేపటికి ఇంకోటి. అది వీపు మధ్యగుండా నెమ్మదిగా కిందికి దిగడం నాకు తెలుస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే సీటు వెనక గోడంతా చెమ్మ. ఎక్కుతున్నంతసేపూ నా వీపుకు స్నానం. మధ్యలో ఒకచోట దారి కాస్త దిగుడుగా ఉంది. మలుపులో రాయి అడ్డంగా కనబడేసరికి బావ బ్రేకు గట్టిగా తొక్కాడు. రూఫ్ లైనింగులో ఎక్కడో నిలిచిపోయిన నీళ్లన్నీ ఒక్క ఊపున ముందుకొచ్చి, లైనింగు అంచు మీదుగా బావ నుదుటి మీద దిగాయి. గ్లాసుడు ఉంటాయి. కళ్లజోడు మీద నుంచి, మీసం మీద నుంచి కారుతుంటే బావ బండిని మెల్లగా పక్కకు ఆపాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒప్పుకున్నా రా. నీళ్లున్నాయి."

అప్పటి నుంచి డీజిలు రసీదు వెనక రాయడం మొదలుపెట్టాను. ఎక్కుడులో వెనక గోడ, దిగుడులో ముందు లైనింగు, వేగంలో నా కాళ్లు, వాన ఏటవాలుగా కొడితే బావ వైపు అద్దం పక్క స్తంభం. ఇంటి దగ్గర చదునైన నేల మీద ఆపి ఎంత వెతికినా ఇన్ని సంగతులు తెలిసేవి కావు. తడి కనబడిన చోటే చిల్లు ఉంటుందనుకుంటే బండి మొత్తం విప్పినా దొరకదు. నీరు రేకు మీద పాకుతుంది, వైరు పట్టుకుని జారుతుంది, అద్దం పక్క స్తంభాల లోపల బోలుగా ఉంటుంది కాబట్టి అందులో పడి నేల దాకా ఎవరికీ కనబడకుండా దిగిపోతుంది. ఘాట్ రోడ్డు మా క్యాబిన్‌ని అటూ ఇటూ వంచి చూపించింది.

రాత్రి కొండ మీద ఒక బసలో దిగాం. బండి పెట్టుకోవడానికి రేకుల షెడ్డు, పక్కనే కొళాయి, పొడవాటి గొట్టం. అంతకన్నా మంచి గది ఇచ్చినా నాకు అంత ఆనందం కలిగేది కాదు.

పొద్దున్నే సీటు బోల్టులు విప్పి బయటపెట్టాం. మ్యాటు కింద మందపాటి ఫెల్టు ఉంటుంది. పైన చెయ్యి పెడితే మామూలు చెమ్మే అనిపించింది. ఒక మూల పట్టుకుని ఎత్తి పిండితే బకెట్టు అడుగు నిండింది. కింద రేకు మీద తుప్పు పొక్కులు. అంటే ఈ నీళ్లు ఈ వానవి మాత్రమే కావు, ఎన్నో వానలవి. మ్యాటు పైపైన ఆరిపోతుంటుంది, ఆ ఫెల్టు మాత్రం నెలల తరబడి రేకును నానబెడుతుంది. క్యాబిన్‌లో ముక్కిన వాసన ఎందుకొస్తోందని బావ ఏడాదిగా సెంటు సీసాలు వేలాడదీస్తున్నాడు.

లీకేజీ వెతకడానికి ఒక పద్ధతి ఉంది. గొట్టం నీళ్లు మెల్లగా వదలాలి, కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ఒక్కో చోట అయిదు నిమిషాలైనా ఆగాలి. ఒకరు బయట, ఇంకొకరు టార్చితో లోపల. ముందే పైన పోస్తే నీరు అన్ని కీళ్ల మీదుగా జారి, ఎక్కడ నుంచి దూరిందో తెలియకుండా చేస్తుంది. ఇదంతా చెప్పి లోపల కూర్చుని రేకు మీద, స్తంభాల మీద చాక్ పొడి రుద్దాను. నీటి జాడ పడితే పొడిలో గీత కనబడుతుంది. సిద్ధంగా ఉన్నానని అరిచాను. బావ గొట్టం పట్టుకుని తిన్నగా రూఫ్ మీద పెట్టాడు, అదీ వేలితో మూతి నొక్కి. నాలుగు వైపుల నుంచీ నీళ్లొచ్చాయి. చాక్ పొడి మొత్తం పాయసం అయింది. గుడ్డలు పెట్టి ఆరబెట్టుకోవడానికి గంట పట్టింది. ఆ గంటలో మేం పెద్దగా మాట్లాడుకోలేదు.

రెండోసారి బానెట్టు ఎత్తి జాలీ విప్పాం. కౌల్ తొట్టి నిండా కుళ్లిన ఆకులు, మట్టి, ఏదో పిట్ట ఈక. నల్లగా, కంపోస్టులా. అందులో ఒక చిన్న మొక్క కూడా మొలిచింది. డ్రెయిన్ రంధ్రం ఎక్కడుందో వేలితో తడిమితే తప్ప తెలియలేదు. నీరు పోయే దారి లేక తొట్టిలోనే నిలుస్తోంది. బండి ఆగి ఉంటే అంచు మీదుగా ఇంజను వైపు పొంగిపోతోంది, వేగంలో ఉంటే గాలి దాన్ని బ్లోవర్ రంధ్రంలోకి తోస్తోంది. ఘాట్ ఎక్కేటప్పుడు నా కాళ్ల దగ్గర ధార ఆగింది ముక్కు లేచినందుకనుకున్నాను. వేగం తగ్గినందుకు ఆగింది. నమ్మకం కుదరక బ్లోవర్ వేసి చూశాను. ఆకు ముక్కలతో సహా నా మొహాన కొట్టింది. తొట్టి కడిగి ఒక మగ్గు నీళ్లు పోస్తే గడగడా వెళ్లి ముందు చక్రం వెనక నేల మీద పడ్డాయి. ఎంత హాయిగా ఉందో ఆ చప్పుడు. ఇంకో మూడు మగ్గులు ఊరికే పోశాను.

మెడ మీద చుక్కల సంగతి చివరికి క్యాబిన్ వెనక పైన ఉండే మూడో బ్రేకు లైటు దగ్గర తేలింది. దూరంలో వెనక వచ్చేవాళ్లకు బ్రేకు కనబడాలని అమెరికాలో 1986 మోడల్ కార్లతో దీన్ని తప్పనిసరి చేశారు, పికప్‌లకు 1994 మోడల్ నుంచి. ప్రాణాలు కాపాడే ఏర్పాటే, అయితే అందుకోసం క్యాబిన్ వెనక గోడకు పైనే ఒక పెద్ద కన్నం పెట్టాలి, దాన్ని ఒక స్పాంజి గ్యాస్కెట్ కాపాడాలి. రెండు స్క్రూలు విప్పితే లైటు చేతిలోకి వచ్చింది. స్పాంజి అప్పడంలా అణిగిపోయి ఉంది, వేలు పెడితే పొడి రాలింది. బావ టూల్ బాక్సులో బ్యుటైల్ టేపు ఉంది, నల్లగా జిగటగా ఉండే పట్టీ, ఏళ్ల తరబడి గట్టిపడదు. అంచు పొడిగా తుడిచి చుట్టూ అదే వేసి బిగించాం. తడి రేకు మీద ఏ టేపూ నిలవదు, అందుకే అతికించడానికి పట్టిన సమయం కన్నా తుడవడానికి పట్టిందే ఎక్కువ. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడలో, అంటే ఫైర్‌వాల్‌లో, క్లచ్ కేబుల్ దూరే కన్నం చుట్టూ ఉండే రబ్బరు రింగు, గ్రోమెట్, పగిలి ఉంది, దానికీ అదే పట్టీ.

బావ వైపు స్తంభం మిగిలింది. ముందు అద్దం పై మూలలో బీడింగ్ చుట్టూ ఎవరో ఎప్పుడో సిలికాన్ పూశారు. కళాయి పూసినట్టు మీద మీద పొరలు. గోటితో లేపితే కింద నుంచి తుప్పు నీళ్లు. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, పెయింటు పోయిన ఇనుముకు అదే శత్రువు. పైగా సిలికాన్ ఒకసారి అంటిన చోట తర్వాత పెయింటు పట్టదు, మంచి సీలెంటూ పట్టదు. చిల్లు మూసినట్టే మూసి నీటిని లోపల బంధించింది. దారిలో అయ్యే పని కాదు. మూలలో ఒక స్పాంజి ముక్క కూరి బయల్దేరాం.

దిగుడంతా జోరువాన. నా కాళ్లు పొడి, వీపు పొడి. పది కిలోమీటర్లకోసారి బావ ఒంటిచేత్తో స్పాంజి తీసి కిటికీ బయట పిండి మళ్లీ కూరేవాడు. ఇంటికి చేరగానే అక్క గేటు దగ్గరే అడిగింది, సామాను తడిసిందా అని. టార్పాలిన్ విప్పితే పరుపులు ఎండలో ఆరేసినట్టున్నాయి. అక్క మమ్మల్ని పైనుంచి కిందికి చూసి ఇంకేమీ అడగలేదు.

అద్దం పనికి నాలుగు రోజులు పట్టింది. అద్దం దించి, తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, కీళ్లలో పాలీయూరిథేన్ సీలెంట్ వేసి, కొత్త బీడింగ్‌తో ఎక్కించారు. బీడింగ్ గాడిలో ముందే తాడు చుట్టి, అద్దం ఆనించి, లోపలి నుంచి ఆ తాడు లాగుతూ వస్తే రబ్బరు పెదవి దానంతట అదే రేకు అంచు మీదికి ఎక్కి కూర్చుంటుంది. అరగంట నోరు తెరుచుకుని చూశాను. ఫెల్టు మాత్రం ఎంత ఎండబెట్టినా లోపల చెమ్మ పోలేదు. పారేసి కొత్తది వేశాం.

పాత ఇంట్లో మిగిలిపోయిన రెండు పెట్టెల కోసం ఖాళీ బండితో వెనక్కి బయల్దేరాం. స్తంభాల మీద చాక్ గీతలు పెట్టుకున్నాను. ఘాట్‌లో మళ్లీ అదే వాన. గీతలు చెక్కుచెదరలేదు, ఎనభైలో కూడా కాళ్ల దగ్గర చుక్క లేదు. పైకి ఎక్కుతుండగా మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది. బండి ఆపమని అరిచాను. బావ ఆపాడు. టార్చి వేసి చూస్తే, నా తల వెనక కొక్కేనికి బావ పొద్దున ఆరేసిన తువ్వాలు.

"ఆరలేదా ఇంకా?" అన్నాడు. కిటికీ బయట పిండి, మళ్లీ అక్కడే వేశాడు.