గుండ్లకమ్మ నుంచి యొర్దానోస్ దాకా

డ్రైవరు పదకొండు గంటలకి వస్తానన్నాడు. సరే, తీరిగ్గా టిఫిన్ చేసి బయల్దేరొచ్చులే అనుకుని పడుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికి గేటు ముందు ఒకటే హారన్. తమ్ముడు కళ్లు నులుముకుంటూ వచ్చి, "అక్కా, నీకు చెప్పడం మర్చిపోయా. వీళ్ల పదకొండంటే మన ఐదు" అన్నాడు.

ఇథియోపియాలో గంటల లెక్క పొద్దుపొడుపుతో మొదలవుతుంది. మన ఏడు వాళ్లకి ఒంటిగంట. తల కూడా దువ్వుకోకుండా వ్యానెక్కిన నాకు మొదటి పావుగంట కోపం తగ్గలేదు. ఆ తర్వాత ఒంగోల్లో మా పాత పాస్టరు గారు గుర్తొచ్చారు. యేసు సిలువ మీద ఉన్నప్పుడు చీకటి కమ్మిన వేళ మూలంలో 'ఆరో గంట' అని ఉంటుందనీ, మనకి అర్థం కావడానికి తెలుగులో 'మధ్యాహ్నం' అని రాశారనీ ఆయన చెప్పేవారు. ఆ లెక్క పుస్తకాల్లోనే మిగిలిపోయిందనుకున్నాను. ఇక్కడ వ్యాన్లు కూడా దాని ప్రకారమే నడుస్తున్నాయి.

ఇది 2019 జనవరి మాట. వాళ్ల క్యాలెండర్లో అప్పటికి ఇంకా 2011. తమ్ముడు బహిర్‌దార్‌లో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతాడు. అప్పట్లో ఇథియోపియా యూనివర్సిటీల్లో మన తెలుగు లెక్చరర్లు చాలామందే ఉండేవారు. బ్యాంకు ఉద్యోగానికి సెలవు పెట్టి వాడిని చూడ్డానికి వెళ్లాను, కానీ అసలు ఆశ రాతి చర్చిలుండే లాలిబెలాలో క్రిస్మస్ చూడాలని. వాళ్ల క్రిస్మస్, గెన్నా, జనవరి 7న వస్తుంది. ఒక సంవత్సరంలో నేను రెండు క్రిస్మస్‌లు చేసుకున్నదీ అప్పుడే.

లాలిబెలా మూడొందల కిలోమీటర్లు. చివర్న మట్టి రోడ్డు, నడుములు విరిగిపోయే రోడ్డు. మాతో పాటు తమ్ముడి సహోద్యోగి, కొట్టాయం దగ్గరి మలయాళీ మాస్టారు కూడా వచ్చారు. ఆయన మిషనరీలకి ముందే కేరళలో ఉన్న పాత సిరియన్ క్రైస్తవుల్లో, ఆర్థడాక్స్ సంప్రదాయంలో పుట్టినవారు. దారంతా మాట్లాడారు. మొదట్లో నిద్రపోదామని చూశాను గానీ, తానా సరస్సు దాటేసరికి నేనే ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాను.

ఆ సరస్సు చుట్టుపక్కలే నాలుగు వందల ఏళ్ల కింద పెద్ద గొడవ నడిచిందట. పోర్చుగీసువాళ్లు మొదట సాయంగా వచ్చారు. 1541లో వాస్కో డ గామా కొడుకు క్రిస్టోవావ్ నాలుగు వందల తుపాకులతో వచ్చి ఇథియోపియా రాజు తరఫున పోరాడి ప్రాణం పోగొట్టుకున్నాడు. వాళ్ల వెనకే రోమన్ కేథలిక్కుల జెసూయిట్ ఫాదర్లు వచ్చారు. అప్పటికే పన్నెండు వందల ఏళ్లుగా క్రైస్తవంలో ఉన్న జనాన్ని మళ్లీ 'సరైన' క్రైస్తవులుగా మార్చాలని వాళ్ల పట్టుదల. 1622లో సుసెన్యోస్ రాజు రోమ్ వైపు తిరిగాడు. దేశం భగ్గుమంది. పదేళ్లు తన ప్రజలతో తానే యుద్ధం చేసి, 1632లో కొడుకు ఫాసిలిదెస్‌కి రాజ్యం అప్పగించి తప్పుకున్నాడు. కొడుకు ఫాదర్లందరినీ వెళ్లగొట్టాడు.

"మాదీ అదే కథ" అన్నారు మాస్టారు. "1653లో మట్టాంచేరిలో మావాళ్లు సిలువకి తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని, జెసూయిట్ల మాట ఇక వినమని ఒట్టు వేశారు. మీకేం, మీ దగ్గర మొదట వచ్చిందే మిషనరీలు."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకోవడానికి కారణం ఉంది. స్కూల్లో, ఆఫీసులో, 'మీది దొరల మతం కదా' అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నవ్వుతూ అన్నవాళ్లే ఎక్కువ. నేనూ నవ్వేసేదాన్ని. ఇప్పుడు సాటి క్రైస్తవుడే వ్యాన్‌లో అదే మాట, కాస్త మర్యాదగా అన్నాడు.

లాలిబెలాలో దిగేసరికి ఊరి నిండా తెల్లబట్టలు. రోజుల తరబడి నడిచి వచ్చినవాళ్లు, చెప్పుల్లేని ముసలివాళ్లు, వీపున పిల్లల్ని కట్టుకున్న తల్లులు. సన్నని తెల్ల నూలు బట్ట, నెతెలా, తల మీంచి కప్పుకుని గుట్టల మీద వరసగా కూర్చున్నారు. పదకొండు గుళ్లు ఎక్కడా కనపడవు. దగ్గరికి వెళ్తే కాళ్ల కింద ఉంటాయి. కొండరాతిని పైనుంచి కిందికి తొలిచి, చుట్టూ కందకం వదిలి, మధ్యలో మిగిలిన బండనే గుడిగా చెక్కారు. ఎల్లోరా కైలాసం చూసినవాళ్లకి పద్ధతి అర్థమవుతుంది. పన్నెండో శతాబ్దం చివర, పదమూడో శతాబ్దం మొదట్లో లాలిబెలా రాజు చెక్కించాడనీ, పగలు మనుషులు, రాత్రి దేవదూతలు పని చేశారనీ చెబుతారు. యెరూషలేము 1187లో సలాదీన్ చేతికి పోయాక ఇక్కడే ఇంకో యెరూషలేము కట్టుకున్నాడని కూడా అంటారు. గుళ్ల మధ్య వాగు పేరు యొర్దానోస్. మన బైబిల్లోని యొర్దాను నదే. జనవరిలో చుక్క నీరు లేదు. 1520ల్లో వచ్చిన పోర్చుగీసు ఫాదరు ఆల్వారెష్, ఈ గుళ్ల గురించి ఇంకా రాస్తే ఎవరూ నమ్మరని భయపడి ఆపేశాడట.

టికెట్టు అప్పట్లో విదేశీయులకి యాభై డాలర్లు. గుండె గుభేలుమంది గానీ కట్టాను.

గుడి లోపలికి వెళ్లాలంటే చెప్పులు వదలాలి. మా ఇంటి దగ్గర సంఘంలో కూడా వదిలేవాళ్లం, టైల్స్ వేసి కుర్చీలు వచ్చాక మానేశాం. ఇక్కడ మగవాళ్లొక వైపు, ఆడవాళ్లొక వైపు. కుర్చీ అన్న మాటే లేదు. పూజారులు పొడుగాటి చేతికర్రలు చంకలో ఆనించుకుని గంటల తరబడి నిలబడే ఉంటారు. పెద్ద డోలు మోగుతుంది. చేతుల్లో చిన్న ఇత్తడి తాళంలాంటిది గలగలమంటుంది. గీజ్ అనే పాత భాషలో పాడుతూ, ముందుకీ వెనక్కీ ఊగుతూ, చూస్తూ చూస్తూ అది నాట్యమవుతుంది. ఇప్పుడు గీజ్ ఎవరి ఇంట్లోనూ మాట్లాడరు, గుడిలోనే వినిపిస్తుంది. పక్కనే జరీ అంచుల గొడుగులు. ఉత్సవ విగ్రహం మీద పట్టే గొడుగులే కళ్లముందు మెదిలాయి. ఒక గంట తర్వాత నాకు కాళ్లు లాగేశాయి. పరచిన తివాచీల్లోంచి ఏవో పురుగులు మేజోళ్లలోకి దూరి కుట్టడం మొదలెట్టాయి. భక్తి అంతా గోక్కోవడంలోనే పోయిందని ఒప్పుకుంటాను.

తెల్లారాక బెతె మర్యం గుడి దగ్గర చూసిందే అసలైనది. గుడి చుట్టూ గోతిగట్టు మీద తెల్లని తలపాగాల పూజారులు బారులు తీరి నిలబడ్డారు, కింద వాకిట్లో ఇంకో వరస. పైవాళ్లు దేవదూతలు, కిందివాళ్లు భూమ్మీది మనుషులు. పైవాళ్లు పాడితే కిందివాళ్లు అందుకుంటారు. 'బెజా కులు', అందరి రక్షకుడు, అని పదేపదే. మాస్టారు ఏడ్చారు. తమ్ముడు ఫోన్‌లో వీడియో తీస్తూ తీస్తూ మధ్యలో ఆపేసి ఊరికే నిలబడిపోయాడు.

ఆ పూట ఉపవాసం విడిచారు. నలభై రోజులకి పైగా మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. మామూలు రోజుల్లో కూడా బుధ, శుక్రవారాలు అంతే. ఇంజెరా అంటే పులిసిన పిండితో వేసిన పెద్ద దోశ అనుకోండి, కాస్త ఎక్కువ పులుపు. దాని మీద పప్పు, కూరలు వడ్డించి అందరూ ఒకే పళ్లెంలో తింటారు. ఉపవాసపు శనగపిండి కూర 'షిరో' నాకు మాంసం కంటే బాగా నచ్చింది.

మాస్టారికి తరగతులున్నాయి, ఆయన వెనక్కి వెళ్లిపోయారు. మేమిద్దరం విమానంలో పాత రాజధాని అక్సుమ్ వెళ్లాం. అక్సుమ్ గురించి నాకు ఒక ఫిర్యాదు ఉంది. నిబంధన మందసం, అంటే మోషే పది ఆజ్ఞల రాతిపలకలు పెట్టిన పెట్టె, అక్కడే ఉందని వాళ్ల నమ్మకం. దాన్ని చూడగలిగేది ఒక్క సన్యాసి, అది సరే. కానీ పాత మర్యం సియోన్ గుడిలోకి ఆడవాళ్లనే రానివ్వరు. గుడి మరియమ్మ పేరుతో! తమ్ముడు లోపలికి వెళ్లొచ్చే వరకు బయట చెట్టు కింద కూర్చున్నాను. పక్కన హైలె సెలాసీ చక్రవర్తి కట్టించిన కొత్త గుడిలోకి వెళ్లొచ్చు. నేను వెళ్లలేదు, పంతం.

మేం దిగిన చిన్న లాడ్జి నడిపే పెద్దాయన రిటైరైన స్కూలు మాస్టారు. మమ్మల్ని చూడగానే "ఇండియానా? నాకు లెక్కలు నేర్పింది ఇండియా మాస్టారే" అన్నాడు. చక్రవర్తి కాలంలో మన టీచర్లు ఆ దేశమంతా ఉండేవారు. అరవై దాటిన ఎవరిని పలకరించినా ఈ మాటే. 2020 నవంబరులో అక్కడ యుద్ధం మొదలై ఫోన్లన్నీ పోయినప్పుడు తమ్ముడూ నేనూ మొదట తలుచుకున్నది ఆయన్నే.

ఆయనే మమ్మల్ని పొలాల మధ్య ఒక రేకుల షెడ్డు దగ్గరికి తీసుకెళ్లాడు. లోపల మనిషెత్తు రాయి. నాలుగో శతాబ్దపు అక్సుమ్ రాజు ఎజానా యుద్ధ విజయం, గీజ్, సబా, గ్రీకు లిపుల్లో. 1980ల్లో రైతులకి దొరికింది. కదిలించినవాడికి శాపం అని రాసి ఉందట, అందుకే దొరికినచోటే షెడ్డు వేశారు. మ్యూజియంలో ఎజానా నాణేలు చూశాం. ముందు కాలంవాటి మీద నెలవంక. తర్వాతవాటి మీద సిలువ. నాలుగో శతాబ్దం మధ్యలో ఒక దేశం మతం మారిన సంగతి నా గోరంత బంగారం బిళ్ల మీద ఉంది. రోమ్‌లో అది రాజ్యమతం అయ్యింది 380లో. కాంటర్‌బరీకి అగస్టీన్ వెళ్లింది 597లో. అంటే దొరలు క్రైస్తవులు కాకముందే వీళ్లయ్యారు.

ఆ మతం అక్కడికి తెచ్చిందెవరో సాయంత్రం కాఫీ దగ్గర పెద్దాయనే చెప్పాడు. అక్కడ కాఫీ అంటే గంట పని. పచ్చి గింజలు మన ముందే వేయించి, పొగ ముక్కుకి తగలనిచ్చి, దంచి, మట్టి కూజాలో కాచి మూడు వాయిలు పోస్తారు. మూడోది ఆశీర్వాదం, తాగకుండా లేవకూడదు.

టైర్ పట్నం నుంచి ఇద్దరు కుర్రాళ్లు తమ గురువుతో ఓడలో వెళ్లారట, ఇండియా చూడ్డానికి. ఏ ఇండియానో మరి, ఆ రోజుల్లో ఎర్రసముద్రం దాటితే అన్నీ ఇండియాలే. తిరుగు ప్రయాణంలో నీళ్ల కోసం రేవులో ఆగితే, అక్కడివాళ్లు ఓడలో ఉన్నవాళ్లందర్నీ చంపేసి ఆ ఇద్దరిని మాత్రం అక్సుమ్ రాజు దగ్గరికి పట్టుకెళ్లారు. చిన్నవాడు రాజుకి పానపాత్ర అందించేవాడయ్యాడు. పెద్దవాడు ఫ్రుమెన్షియస్ లెక్కలు చూసేవాడు. రాజు పోయాక, తన కొడుకు ఎదిగేదాకా ఉండమని రాణి బతిమాలింది. ఫ్రుమెన్షియస్ ఊళ్లో ఉన్న రోమన్ వర్తకుల్లో క్రైస్తవుల్ని వెతికి ప్రార్థనకి చోటు చూపించాడు. విడుదలయ్యాక ఇంటికి పోకుండా అలెగ్జాండ్రియా వెళ్లి, అక్సుమ్‌కి ఒక బిషప్పును పంపమని అక్కడి ప్రధాన బిషప్పు అథనేసియస్‌ని అడిగాడు. నువ్వే వెళ్లు అన్నాడాయన. అప్పట్నుంచి 1950 దాకా వాళ్ల ప్రధాన బిషప్పు ఐగుప్తు నుంచే వచ్చేవాడు. సొంత పాట్రియార్క్, అంటే సంఘానికి పెద్ద, 1959లో గానీ రాలేదు. అందుకు పదహారు వందల ఏళ్లు పట్టింది.

"అంటే మీకూ బయటివాళ్లే పంపేవారన్నమాట" అన్నాను. కొంచెం సంతోషంగానే అన్నాను.

"మరి! ఎవరికి వాళ్ల ఇంట్లో మొలిచింది?" అని ఆయన రెండో వాయి పోశాడు. "మీకెవరు తెచ్చారు?"

చెప్పాను. ఒంగోలుకు జాన్ క్లౌ అనే అమెరికా మిషనరీ వచ్చాడని. 1876 నుంచి పెద్ద కరువు పడితే బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడని. కూడు కోసం వచ్చారన్న మాట రాకుండా ఆ పని జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడని. 1878 జులై 3న, గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారని. ఆ వరసలో మా నాయనమ్మ తాతగారు ఉన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు. చెప్పుకు తోలు కోసే ఆయనకి వాళ్ల ఊళ్లో ఏ గుడి మెట్టూ ఎక్కే హక్కు లేదు. ఆ ముక్క చెప్పేటప్పుడు నా ఇంగ్లిష్ తడబడింది, తమ్ముడు అందుకున్నాడు.

పెద్దాయన వేళ్లు మడిచి లెక్క వేశాడు.

"1878... అంటే మా లెక్కలో 1870. నిన్నమొన్నటి మాట." అని మూడో వాయి గిన్నె నా వైపు జరిపాడు. "ఇది తాగకుండా లేవకు."