గుంజాల రాతప్రతుల విలువ

మైలాపూరులోని మా ఇంట్లో ఈ వారమంతా, ఆదిలాబాద్ రాజగోండుల గురించి మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ 1948లో ప్రచురించిన ఆంగ్ల గ్రంథాన్ని చదువుతున్నాను. కిక్రి అనే తంత్రీవాద్యం వాయిస్తూ గోండుల వంశగాథలను తరతరాలుగా గానం చేసే ప్రధాన్ తెగవారి గురించి చదివినప్పుడు, ఆ జ్ఞానానికి అసలు కర్తలు వారే కదా, అట్టమీద పరిశోధకుని పేరొక్కటే ఎందుకు నిలవాలి అన్న ప్రశ్న నన్ను వదలలేదు. అందుకే ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో వెలుగుచూసిన గోండి లిపి రాతప్రతులు నాకు ఆ గ్రంథం కంటె విలువైనవిగా తోస్తాయి, ఎందుకంటే గోండి భాషను అది మాట్లాడేవారే రాసి భద్రపరచుకున్నారు. ఆ లిపికి 2018లో, కంప్యూటర్లలో ప్రపంచ లిపులకు ఉమ్మడి సంకేత ప్రమాణమైన యూనికోడ్‌లో స్థానం దక్కింది. ఆ లిపిలో అచ్చయిన వాచకమొకటి మా అమ్మాయి కోసం పంపమని ఆదిలాబాద్‌లోని పెదనాన్నగారిని అడిగాను.