బఠానీ గింజంత

పొద్దున్న ముఖం కడుక్కుంటుంటే ముక్కు పక్కన చురుక్కుమంది. అద్దంలో చూస్తే ముక్కు అంచుల్లో, పెదవుల మూలల్లో తెల్లటి పొట్టు లేచి ఉంది. గడ్డం మీద కాస్త ఎరుపు. తప్పు నాదే. ముడతలకూ మచ్చలకూ రాత్రిపూట పూసుకునే విటమిన్ ఎ రకం క్రీము రెటినాల్, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు వారానికి రెండు రాత్రులు చాలని తెలుసు. అయినా మొదటి వారం ఏమీ కాలేదన్న ధైర్యంతో వరసగా మూడు రాత్రులు పూశాను. పైగా బఠానీ గింజంత క్రీము ముఖమంతటికీ సరిపోతుందని ట్యూబు మీద ఉంటే, ఒక్కో చెంపకూ ఒక్కో గింజంత తీసుకున్నాను.

చెల్లికి ఫోన్ చేసి వాపోతే నవ్వింది. "నేను రోజు విడిచి రోజు రాసుకుంటాను అక్కా, నాకేమీ కాలేదే!" అంది. దానికెందుకవుతుంది? మధ్యాహ్నానికే నుదురు జిడ్డుతో మెరిసే చర్మం దానిది. జెల్ రకం వాడుతుంది, హాయిగా ఇంకిపోతుంది. నాది చలిగాలి తగిలితే చాలు బిగుసుకుపోయే పొడి చర్మం. ఒకే తల్లి కడుపున పుట్టాం కానీ, చర్మం విషయంలో మా ఇద్దరికీ చుట్టరికమే లేదు.

ఆఫీసులో పక్క సీటు ఆవిడది మూడో రకం. ఎండలో రెండు నిమిషాలు నిలబడితే బుగ్గలు కందిపోతాయి. డాక్టర్ ఆవిడను 0.1 శాతం రెటినాల్ ఉన్న క్రీముతో మొదలుపెట్టమన్నారట, అదీ మాయిశ్చరైజర్ రాశాక పైన పలుచగా. ఇప్పుడు గర్భవతి కాబట్టి పూర్తిగా మానేసింది. ఆ తొమ్మిది నెలలూ రెటినాల్ జోలికి పోకూడదు, బిడ్డకు పాలిచ్చే రోజుల్లోనూ డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. అందం కోసం ఆ మాత్రం ఆగలేమా అంటుంది ఆవిడ. నేను మూడు రాత్రులు ఆగలేకపోయానని చెప్పలేదు.

నా తొందరకు అర్థం లేదని తెలుసు. రెటినాల్ చర్మంలోకి వెళ్లాక రెండు అంచెల్లో మారి రెటినోయిక్ ఆమ్లమైతేనే పని మొదలవుతుంది. డాక్టర్ చీటీతో దొరికే ట్రెటినాయిన్ అంటే నేరుగా ఆ ఆమ్లమే, అందుకే దానికి వేగమూ ఎక్కువే, మంటా ఎక్కువే. నేను వాడేది నెమ్మదైన బండి. సన్నటి ముడతల్లో తేడా కనిపించడానికి 12 వారాలైనా పడుతుంది. మూడు రాత్రులు ఎక్కువ పూసినంత మాత్రాన అది పరుగెత్తదు. పైగా నాలాంటి చామనఛాయ వాళ్లకు మంట తగ్గినా దాని తాలూకు నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోవచ్చు. మచ్చ పోగొట్టుకోవడానికని కొన్న మందుతో కొత్త మచ్చ తెచ్చుకోవడం! నవ్వొచ్చింది కానీ, నవ్వితే పెదవి మూల మండింది.

ఇవాళ సన్‌స్క్రీన్ రెండుసార్లు రాసుకున్నాను. రాత్రి సబ్బు పెట్టకుండా మామూలు నీళ్లతో ముఖం కడిగి, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ మాత్రం పూశాను. శాలిసిలిక్ ఆమ్లం ఉన్న ఫేస్‌వాష్‌ను కూడా పక్కన పెట్టేశాను, ఉన్న మంట చాలు. రెటినాల్ ట్యూబును మూత బిగించి సొరుగులోకి తోశాను. వెలుతురూ గాలీ తగిలితే దాని బలం పోతుంది, కంటికెదురుగా ఉంటే నా బుద్ధి పోతుంది.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు ముందు ముక్కు అంచులకూ పెదవుల మూలలకూ వాజిలిన్ రాసుకోవాలి. కేలండర్‌లో వచ్చే ఆదివారం మీద చుక్క పెట్టాను. అప్పటికి పొట్టు తగ్గకపోతే జరపాల్సి వస్తుందని పెన్సిల్‌తోనే పెట్టాను.