చెకౌట్ రూము

మా ఊళ్లో ఖతర్ అన్నా, మస్కట్ అన్నా, కువైట్ అన్నా అన్నీ దుబాయే. నేనెక్కడున్నానని ఎవరైనా అడిగితే మా అమ్మ కూడా "దుబాయిల ఉన్నడు" అనే చెప్తుంది. నేనుండేది దోహాలో. ఒక ఫైవ్‌స్టార్ హోటల్లో హౌస్‌కీపింగ్ పని. పేరు రాయను, ఇంకా అక్కడే జీతం తీసుకుంటున్నా.

సూక్ వాకిఫ్ బజారు నడిచి వెళ్లేంత దూరం. మషీరెబ్ మెట్రో స్టేషన్ ఆ పక్కనే. కిటికీ తెర జరిపితే సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు, నీళ్లలో దీవి పోసి కట్టిన ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం. గెస్టులు ఆ కిటికీ కోసమే డబ్బులు ఎక్కువ పెడతారు. ఆరేళ్లుగా నాకు మాత్రం అది తుడవాల్సిన అద్దం. వేలిముద్రలు కనపడాలంటే తల పక్కకి వాల్చి చూడాలి. నేను చూసిన సముద్రమంతా అట్లా పక్కకి వాలి ఉన్నదే.

పోయిన చలికాలం నాకు 'ఉత్తమ ఉద్యోగి' అని సర్టిఫికెట్ ఇచ్చి, దాంతోపాటు ఇద్దరికి ఒక రాత్రి బస, పొద్దున టిఫిన్ రాసిచ్చారు. భార్యని తెచ్చుకోమన్నారు. ఆమె జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఉంది. విమానం టికెట్ కూడా వాళ్లే ఇస్తారా అని అడగలేదు, అడిగితే బాగుండదు. సనయాలో, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో, లేబర్ క్యాంపులో ఉండే మా చిన్నాయన కొడుకుని రమ్మన్నా. వాడిది కాంక్రీటు పోయడానికి అచ్చు చెక్కలు బిగించే షట్టరింగ్ పని.

వెనక చెత్త బండి ఆగేచోట మా గేటు. ఆరేళ్లూ అక్కడే పంచ్ కొట్టి లోపలికి పోయా. ఆ రోజు ముందు ద్వారం నుంచి పోతే, రోజూ కాంటీన్‌లో నా పక్కన కూర్చుని తినే కెన్యా పిల్ల "వెల్కమ్ సర్" అంది. నవ్వాపుకోలేక మేమిద్దరం చెరో పక్కకి తిరిగాం.

గదిలోకి పోగానే మంచం పక్కన దీపం మీద నా చూపు పడింది. దాని గొడుగుకి ఉండే అతుకు గోడవైపు ఉండాలి. అది గదివైపు ఉంది. ఎవడు చేశాడో ఈ రూము అని తిట్టుకుంటూ తిప్పిపెట్టా. మాకు షిఫ్టుకి పద్నాలుగు గదులు. గెస్టు ఇంకా ఉన్న గదైతే అరగంట, ఖాళీ చేసిపోయిన గదైతే ముప్పావు గంట. టబ్బులో ఒక్క వెంట్రుక కనపడ్డా సూపర్‌వైజర్ ఆ గదిని మళ్లీ చేయిస్తాడు. నేను బాత్రూమ్‌లో వంగి వెతుకుతుంటే మావాడు ఇవతల గోడ మీద అరచేయి జరుపుతూ మూల దాకా పోయాడు.

"అన్నా, ఈ మూల రెండు నూళ్లు తేడా ఉంది." నూలంటే మేస్త్రీల లెక్కలో అంగుళంలో చిన్న భాగం.

తర్వాత గది అద్దె అడిగాడు. ఆ వారం ఒక రాత్రికి రేటు వెయ్యిన్నూరు రియాళ్లు. 2021లో ఇక్కడ కనీస జీతం నెలకి వెయ్యి రియాళ్లు చేశారు. కంపెనీ బస, తిండి పెట్టకపోతే ఇంకో ఎనిమిది వందలు కలుస్తాయి. మావాడి బేసిక్ సరిగ్గా ఆ వెయ్యే. "నెలంతా చేసినా ఈ మంచం దిగనియ్యరన్న మాట" అని నవ్వి, ఏసీ పెంచుకున్నాడు.

సాయంత్రం సూక్ వాకిఫ్ పోయాం. వాకిఫ్ అంటే నిలబడింది అని అర్థం. పూర్వం ఇక్కడ వాగులోకి సముద్రం పోటు వచ్చేదని, వర్తకులు నిలబడే అమ్ముకునేవాళ్లని చెప్తారు. 2003లో చాలా భాగం కాలిపోయాక మట్టి పూత, కర్ర దూలాలు పెట్టి పాత బజారులా మళ్లీ కట్టారు. మావాడు దూలాలే చూశాడు. నేను ఒంటిచక్రం బండ్లు తోసే హమాలీలను చూశా. ముదురెరుపు కోట్లు వేసుకున్న ముసలివాళ్లు, బండి నిండా ఎవరివో సంచులు. డేగలమ్మే కొట్లు, డేగల కోసమే ఒక దవాఖాన కూడా ఉన్నాయి. మా మండలంలో మనుషుల డాక్టరు వారానికి రెండుసార్లే వస్తాడు.

మర్నాడు టిఫిన్ చేసి మషీరెబ్ మ్యూజియాలకి నడిచాం. టికెట్ లేదు. నాలుగు పాత ఇళ్లు, అందులో ఒకటి బిన్ జెల్మూద్ ఇల్లు. బానిసత్వం గురించి మ్యూజియం అది. హిందూ మహాసముద్రం మీదుగా మనుషుల్ని ఎట్లా తెచ్చి అమ్మారో, వాళ్లతో ఏ పనులు చేయించారో చూపిస్తారు. ఖతర్‌లో బానిసత్వాన్ని రద్దు చేసింది 1952లో. అంటే మా తాత ఈడువాళ్ల కాలంలో. ముత్యాల కోసం మునిగేవాళ్లలో బానిసలూ ఉండేవాళ్లు, అప్పుల్లో ఇరుక్కున్న కూలీలూ ఉండేవాళ్లు. పడవ మీదకి పోయేముందు అడ్వాన్సు తీసుకోవడం, సీజన్ అయిపోయినా అది తీరకపోవడం. హిందీలో చెప్తే మావాడికి సరిగ్గా ఎక్కదని మన భాషలోనే విడమరిచా.

"వాళ్లకు ముందుగల్ల పైసలిచ్చి తెచ్చిండ్రు. మనం ఏజెంటుకు ముందుగల్ల పైసలిచ్చి వచ్చినం" అన్నాడు. వాడు తొంభై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. ఆ అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది.

ఇంకా ఏదైనా అంటాడేమో అనుకున్నా. అనలేదు. నేనే మాట మార్చి, 1966 దాకా ఈ దేశంలో నడిచింది మన రిజర్వ్ బ్యాంకు వేసిన రూపాయేనని చెప్పా. దానికి మాత్రం వాడి ముఖం విచ్చుకుంది. "అప్పుడొచ్చేదుండె! రేటు ఎప్పుడు పెరుగుతదా అని ఫోన్ల చూస్తా కూసునుడు తప్పు."

తిరిగొచ్చేటప్పుడు మెట్రో స్టేషన్‌లోకి తీసుకుపోయాడు. 2015లో వాడు వచ్చింది ఈ స్టేషన్ పనికే. 2019లో రైళ్లు నడిచాయి. ఒక స్తంభం దగ్గర ఆగాడు. ఇదేనా అంటే ఇదో, దాని పక్కదో అన్నాడు. పైన పలకలు అంటించేశాక లోపల కాంక్రీటు ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? రెండు రియాళ్ల టికెట్ కొని ఒక స్టేషన్ పోయి, మళ్లీ రెండు రియాళ్లు పెట్టి వెనక్కి వచ్చాం.

గదికొచ్చి నేను స్నానానికి పోయా. బయటికి వచ్చేసరికి వాడు మంచం సర్దేశాడు, దుప్పటి క్యాంపులో లాగా నాలుగు మడతలు పెట్టి, మీద దిండు పెట్టి. చెకౌట్ రూములో మంచం సర్దకూడదురా, ఎట్లాగూ మొత్తం లాగేస్తాం అన్నా. "పండిన పక్క అట్లనే ఇడిసి ఎట్ల పోతరన్నా?" అన్నాడు.

తలుపు కొట్టి వచ్చింది మా నేపాలీ భాయే. మమ్మల్ని చూసి నవ్వి, ఆ మడతలన్నీ ఒక్క గుంజు గుంజి కింద కుప్పేశాడు. మావాడు బ్యాగు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. దీపం గొడుగు తప్పుగా పెట్టింది నువ్వేనా అని భాయ్‌ని అడిగా.

భాయ్ ట్రాలీ మీద షీటు తిరగేసి చూసి, "మొన్న ఈ రూము నీదే" అన్నాడు.