వెనీలా కాయ మీద సూదిపోట్లు

వెనీలా మన ఎండకు బతకదు. మే నెలలో 44 డిగ్రీలు కొట్టే వరంగల్‌లో ఆ తీగ వేయమని ఎవరైనా మొక్కలు అమ్మజూపితే దండం పెట్టి పంపించేయండి. అయినా మిర్చి వేసే రైతులు ఆ పంట లెక్క తెలుసుకోవడం మంచిది. ఫెయిర్‌ట్రేడ్ (రైతుకు న్యాయమైన ధర దక్కేలా చూసే ముద్ర), ఆర్గానిక్ ముద్రలు చిన్న రైతుకు ఎక్కడ అక్కరకొస్తాయో అందులో బాగా కనబడుతుంది.

ప్రపంచంలో ఎక్కువ వెనీలా మడగాస్కర్ నుంచే వస్తుంది. పువ్వు పొద్దున విచ్చుకుని కొన్ని గంటల్లోనే వాడిపోతుంది. ఆలోపే సన్నటి పుల్లతో ఒక్కో పువ్వుకూ పుప్పొడి అద్దాలి. కాయ ముదరడానికి దాదాపు 9 నెలలు. ఈలోగా దొంగల బెడద. అందుకే పచ్చికాయ మీద సూదులతో పొడిచి రైతు తన గుర్తు వేసుకుంటాడు, ఎండినా ఆ మచ్చ పోదు. దొంగలకు భయపడో అప్పు తీర్చలేకో ముందే తెంపితే వాసన రాదు, బూజు పడుతుంది.

ముదిరిన కాయను 60–65 డిగ్రీల నీళ్లలో సుమారు 3 నిమిషాలు ముంచి, వేడి మీదే దుప్పట్లలో చుట్టి చెమట పట్టించాలి. నీళ్లు మరీ కాగితే వాసన పుట్టించే ఎంజైములే చచ్చిపోతాయి. వేడి చాలకపోతే కాయ పండుతూనే ఉండి పగులుతుంది. తర్వాత వారాల తరబడి రోజూ కాసేపు ఎండ, రాత్రి దుప్పటి. ఆపైన నీడలో ఆరబెట్టి నెలల పాటు పెట్టెల్లో మాగేస్తారు. ఇంతా చేస్తే 5–6 కిలోల పచ్చికాయకు వచ్చేది కిలో సరుకు. అన్నాళ్లు ఆగలేని రైతు పచ్చికాయే అమ్మేస్తాడు, మిగతా లాభం దళారిది.

కనీస ధర, రైతు సంఘానికి ధరపైన విడిగా వచ్చే ప్రీమియం గురించే అందరూ చెప్తారు. నా లెక్కలో ఫెయిర్‌ట్రేడ్‌లో అసలు బలం అడ్వాన్సుది. సంఘం అడిగితే ఒప్పందం విలువలో 60 శాతం దాకా కొనేవాళ్ల నుంచి ముందే తీసుకునే వీలుంది. ఆగే శక్తి దానివల్లే వస్తుంది. 2018లో కిలో 600 డాలర్లు దాటినట్టు మార్కెట్ ఎగిరినప్పుడు మాత్రం సంఘానికి ఇవ్వకుండా బయట అమ్ముకునేవాళ్లను ఆపడం కష్టం.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మన మిర్చి తిప్పలూ ఇవే. పేపర్లో పడే జెండా పాట (వేలంలో ముందుగా పలికే) ధర అందరి బస్తాలకూ రాదు. అడ్తిదారు దగ్గర పెట్టుబడి తెచ్చుకున్న రైతు ధర కోసం ఆగలేడు. ఆర్గానిక్ మనకు ఇంకా కష్టం. మడగాస్కర్‌లో మందులు కొట్టడమే తక్కువ, మనకేమో మిర్చిని పీల్చేసే నల్ల తామర పురుగు. మిర్చి లాంటి ఏడాది పంటలను ఆర్గానిక్‌కు మార్చడానికి 2 ఏళ్లు పడుతుంది, ఆ కాలంలో మామూలు ధరే. ఐదుగురు రైతులతో పీజీఎస్ (రైతులే ఒకరినొకరు తనిఖీ చేసుకునే పద్ధతి) సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు గానీ అది ఎగుమతికి చెల్లదు. ఎగుమతికి ఎన్‌పీఓపీ (కేంద్రం ఆర్గానిక్ ప్రమాణాల) గ్రూపు కావాలి, కనీసం 25 మంది.

గ్రూపు కట్టాక మిర్చి చెడేది ఎక్కువగా కల్లంలోనే. మట్టి మీద కాదు, పట్టా మీద ఆరబోయాలి. తేమ 10–11 శాతానికి దిగాలి. కాయ విరగకుండా బస్తా నింపేటప్పుడు నీళ్లు చల్లే అలవాటుంది, బూజు, అది విడిచే అఫ్లాటాక్సిన్ అనే విషం అక్కడే మొదలవుతాయి. ప్రతి బస్తా మీదా రైతు నంబరు రాయాలి. పక్క చేను మందు గాలికి పడో, ఎవరో చాటుగా కొట్టో ల్యాబులో ఫెయిలైతే ఆ నంబరు బస్తాలే పక్కకు పోతాయి. నంబరు లేకపోతే లారీ మొత్తం వెనక్కి వస్తుంది.